వంతెన సినిమాలో హంతకుడు ఎవరు?

నాది బొంగురు గొంతు. చిన్నప్పటి నుంచీ అంతే. పెళ్ళిచూపుల్లో మా అమ్మ నన్ను నోరు విప్పనివ్వలేదు. ఆ గొంతు వల్లే నాకు ఉద్యోగం నిలబడిందంటే మీరు నవ్వుతారు. నవ్వండి, అది నిజమే.

మా ఆయన పోయాక రాజమండ్రిలో ఒక కేబుల్ టీవీ ఆఫీసులో ఊడ్చి, తుడిచి, టీ కాచే పనికి చేరాను. ఇప్పటి పిల్లలకి అదేంటో తెలియదు కాబట్టి చెబుతున్నాను. డాబా మీద వెల్లకిలా పెట్టిన గొడుగుల్లాంటి డిష్షులు, కింద గది నిండా పెట్టెలు, అక్కడి నుంచి కరెంటు స్తంభాలు పట్టుకుని వీధివీధికీ పోయే నల్ల తీగలు. ఢిల్లీ ఛానళ్ళూ హైదరాబాదు ఛానళ్ళూ కాకుండా మా ఓనరు గారికి సొంత ఛానలు ఒకటుండేది. క్యాసెట్ పెట్టి అందులో సినిమాలు వేసేవారు. బొమ్మ సరిగ్గా రాకపోతే జనం ఫోన్ చేసి తిట్టేవారు. ఓనరు గారు మెత్తటి మనిషి. ఆయన "చెప్పండి సార్" అంటే అవతలివాళ్ళు ఇంకా రెచ్చిపోయేవారు. ఒకరోజు ఆయన బయటికెళ్ళినప్పుడు ఫోను మోగితే నేనెత్తి "ఎవరూ" అన్నాను, నాకు వచ్చినట్టు. తిట్టబోయిన మనిషి కాస్తా, "ఏం లేదండి, బొమ్మ కొంచెం ఊగుతుందండి, పర్లేదండి" అని పెట్టేశాడు. ఆ మర్నాటి నుంచి ఫోను నాదే.

నాకు చదువు లేదు. సంతకం పెడతాను, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుంటాను. ఎవరు ఏమన్నారో రాసుకోవడం రాదు కాబట్టి అన్నీ మనసులో పెట్టుకుని సాయంత్రం ఓనరు గారికి అప్పజెప్పేదాన్ని. ఆయన నన్ను పిన్నీ అని పిలిచేవారు. "పిన్నీ, ఇవాళ ప్రేక్షకులు ఏమన్నారు?" అని అడిగేవారు. ప్రేక్షకులు అనేవారు. నేనేమో ఫోనులోవాళ్ళు అనుకునేదాన్ని.

ఆ రోజుల్లో కొత్త సినిమాలు వేసిన కేబులు వాళ్ళ మీద కేసులు పెట్టడం మొదలైంది. ఓనరు గారు భయపడి, ఎవరూ అడ్డు చెప్పనివి ఏవున్నాయా అని వెతికారు. రెండు దొరికాయి. ఒకటి పాకెట్ పుస్తకాల గురించి. అద్దెకు తెచ్చుకుని చదివేవారు చూశారా, అట్ట మీద పిస్తోలూ, జుట్టు విరబోసుకున్న ఆడమనిషీ ఉండే డిటెక్టివ్ పుస్తకాలు, వాటి గురించి హైదరాబాదు కాలేజీ పిల్లలెవరో తీశారు. అలాంటి పుస్తకాలు వందలకొద్దీ రాసిన పెద్దాయన ఒకాయన మా ఊళ్ళోనే ఉంటే, ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి మాట్లాడించారు. రెండోది వంతెన కట్టడం గురించి. రిటైరైన ఇంజనీరు గారొకరు పని జరుగుతున్నప్పుడు తీయించి దాచుకున్నది.

ఇలాంటి వాటిని డాక్యుమెంటరీలు అంటారట. ముందురోజంతా ఓనరు గారు ఛానల్లో కూర్చుని, "రేపు సాయంత్రం డాక్యుమెంటరీ చూడండి. ఇందులో కల్పన ఉండదు. జరిగింది జరిగినట్టు చూపిస్తాం" అని చెప్పారు. చెప్పి ఊరుకున్నారా? మధ్యలో ఇంగ్లీషు అక్షరాలు పైకి పోతూ ఉంటే జనం ఛానలు మార్చేస్తారని, మొదటిదాని తోకా రెండోదాని తలా కత్తిరించి, రెంటినీ ఒకే క్యాసెట్లోకి ఎక్కించారు. చేపకైనా తలా తోకా తీసేస్తే అది ఏ చేపో చెప్పడం కష్టం.

టీ గ్లాసులు కడుగుతూ నేనూ చూశాను. పెద్దాయన బనీను మీద ఉత్తరీయం వేసుకుని తాపీగా చెబుతున్నారు. "నెలకు నాలుగు హత్యలు చేసేవాణ్ణండి. చేస్తేనే ఇల్లు గడిచేది. చంపడం ఎంతసేపు? శవాన్ని ఎక్కడ దాచాలనేదే కష్టం. ఎవరికీ అనుమానం రాని చోటు వెతకాలి." అంతే. మరుక్షణం గోదారి, మధ్యలో పెద్ద క్రేను, దాని కింద నోరు తెరుచుకున్న బావి. వంతెన స్తంభం నిలబడాలంటే ముందు ఏట్లో ఇటువంటి బావి దింపుతారు. లోపలి ఇసుక తోడేకొద్దీ అది దిగిపోతూ ఉంటుంది, గట్టి నేల తగిలాక కాంక్రీటు పోసి మూసేస్తారు. ఇంజనీరు గారి గొంతు గంభీరంగా చెబుతోంది: "ఈ బావిలో పడింది ఇక ఎన్నటికీ బయటికి రాదు. వంతెన బరువంతా దీని మీదే." పడింది అంటే ఆయన ఉద్దేశం కాంక్రీటు.

నేను గ్లాసు పక్కన పెట్టి తెర వంక అలాగే చూస్తూ ఉండిపోయాను. నాకే తికమకగా ఉంది. రెండూ వేరని ముందే తెలిసిన నాకే అలా ఉంటే, తెలియనివాళ్ళ సంగతేంటి?

ఫోను మోగింది.

"ఏమ్మా, ఇందులో హీరో ఎవరు? ఇంతసేపైనా రాడేంటి?"

"హీరో ఉండడండి."

"మరి పోలీసులైనా వస్తారా?"

పెట్టేలోపే ఇంకొకటి. "అదేంటండి బాబూ, హంతకుణ్ణి పట్టుకోకుండానే వంతెన మీద రైలు నడిపించేశారు. ఆఖరు ముక్క కోసేశారా? డబ్బులు మాత్రం పూర్తిగా తీసుకుంటారు కదండీ."

ఒక ముసలమ్మ ఫోన్ చేయించుకుని, "నే చెప్తే మా కోడలు నవ్వేది. వంతెన నిలవాలంటే తలకాయ పడాలని. ఇప్పుడు టీవీలోనే చూపించారు. ఆయ్, దానికి కూడా చెప్పండమ్మా, ఇదిగో ఫోనిస్తున్నా" అంది. కోడలు నేను చెప్పింది వినకుండానే భయపడి పెట్టేసింది.

మరొకాయన గుసగుసగా, "ఆయన మా వీధేనండి. రోజూ పాలప్యాకెట్‌కి వస్తాడు. ఎంత నెమ్మదస్తుడనుకున్నాం" అన్నాడు.

రాత్రి ఆఫీసు మూసేముందు అన్నీ అప్పజెప్పాను. ఓనరు గారు పడీ పడీ నవ్వారు. "పిన్నీ, మన ఛానల్‌ని ఇంతమంది ఎప్పుడూ చూళ్ళేదు" అన్నారు. నేనూ నవ్వాను. నవ్వు ఎంతసేపు నిలిచిందో చెబుతాను వినండి.

మర్నాడు పొద్దున్నే ఆ పెద్దాయనే ఆఫీసుకి వచ్చారు. చంకలో గొడుగు, ఇస్త్రీ చొక్కా. తిడతారనుకున్నాను. కూర్చుని టీ అడిగారు.

"ఇన్నేళ్ళూ నన్ను ఊళ్ళో ఎవరూ గుర్తుపట్టలేదమ్మా" అన్నారు. "ఇవాళ రిక్షా అతను గుర్తుపట్టాడు. గుర్తుపట్టి ఎక్కించుకోనన్నాడు."

ఆయనకి బాధగా ఉందో సంతోషంగా ఉందో నాకు అర్థం కాలేదు. ఆయనకూ అర్థం కాలేదనుకుంటాను. వీధిలో పిల్లలు తలుపు కొట్టి పారిపోతున్నారట. ఒకడు మాత్రం నిలబడి, "తాతగారూ, మొత్తం ఎంతమందండి?" అని అడిగాడట. "ఒప్పుకుంటాను, లెక్క నోటికొచ్చేసింది. ఆపుకున్నాను" అన్నారు.

ఓనరు గారు క్షమాపణ అడిగి, తెర కింద అక్షరాలు పరిగెత్తించారు. నిన్న వేసినవి రెండు వేరు వేరు సినిమాలు, గమనించ ప్రార్థన, అని. నేను చూసి, "అదేంటి బాబూ రాసింది?" అని అడిగాను. ఆయన చదివి వినిపించారు. "భయపడేవాళ్ళంతా నాలాంటోళ్ళే కదా. ఎవరు చదువుతారు?" అన్నాను. ఆయన తల పట్టుకున్నారు.

అప్పుడు ఆ పెద్దాయన్నే మా గదిలో కూర్చోబెట్టి, వెనక నీలం దుప్పటి కట్టి, కెమెరా పెట్టి నేరుగా ఛానల్లో చూపించారు. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, "అయ్యా, అమ్మా, నేను ఎవరినీ చంపలేదు. అవన్నీ నేను కల్పించినవి. నన్ను నమ్మండి" అన్నారు. చక్కగానే చెప్పారు. మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయారు. ఆయన మెట్లు దిగకముందే ఫోను.

"ఎవరు అడిగారండి ఆయన్ని? అడక్కుండానే చంపలేదని చెప్పాడంటే ఏంటి అర్థం?"

ఇంకొకాయన నవ్వుతూ, "ఆయన పుస్తకాలు నేను చదివానమ్మా. ఆఖరి పేజీలో దొరికేవాడు మొదట్లో సరిగ్గా ఇదే మాట అంటాడు" అన్నాడు.

ఒక నిజం పక్కన ఇంకో నిజాన్ని అతికిస్తే అబద్ధం అవుతుందని అప్పుడే చూశాను. దాన్ని విప్పబోతే ఇంకా బిగుసుకుంటుందని కూడా.

ఆ మధ్యాహ్నం పెద్దాయనే దొడ్డిదారిన పక్కింటికి వెళ్ళి ఫోన్ చేశారు. "అమ్మా, ఒకావిడ వచ్చి నా గుమ్మంలో కూర్చుంది. ఏ కానా కింద అని అడుగుతోంది. కదలడం లేదు. వెనక ఇద్దరు మగాళ్ళున్నారు. నువ్వొకసారి రా."

వంతెనలో స్తంభానికీ స్తంభానికీ మధ్య ఖాళీని మావైపు కానా అంటారు. ఏ కానా కింద అంటే, ఏ బావిలో అని.

ఓనరు గారు ఊళ్ళో తీగ తెగిన చోటికి వెళ్ళారు. ఆఫీసుకి తాళం వేసి నేనే వెళ్ళాను. ఆవిడ నాకంటే చిన్నది. చేపల గంప పక్కన పెట్టుకుని గడప మీద కూర్చుంది. మొహాన ఇంత బొట్టు. ఆమె తమ్ముళ్ళిద్దరూ గోడకి ఆనుకుని నిలబడ్డారు. ఎండకి కమిలిన ఒళ్ళు, పడవ నడిపే చేతులు. పెద్దాయన లోపల తలుపు చాటున ఉన్నారు.

"ఎవరమ్మా నువ్వు?" అన్నాను.

నా గొంతు విని తల తిప్పింది. "కేబులాఫీసులో ఫోనెత్తేది నువ్వే కదక్కా? నిన్న నేనూ ఫోన్ చేశాను. నువ్వు ఎవరూ అనేసరికి మాట రాలేదు."

ఆమె భర్త వంతెన కట్టేటప్పుడు కూలీలను బావుల దగ్గరికి చేరవేసే పడవ మీద పనిచేశాడు. ఒకరోజు పనికి వెళ్ళినవాడు రాలేదు. ఏట్లో పడ్డాడంటే శవం దొరకలేదు. ఆ రోజు పని ఎగ్గొట్టి బస్సెక్కుతుంటే చూశామని కొందరు, భీమవరం వైపు చేపల చెరువుల మీద కాపలా ఉన్నాడని కొందరు. అత్తగారు మాత్రం ఒకటే మాట పట్టుకుంది: ఈ పిల్ల నోటికి భయపడే నా కొడుకు పారిపోయాడు.

"ఇన్నేళ్ళు ఆ మాట పడ్డానక్కా" అంది. "రేవులో చేపల కాడ బేరం తెగకపోతే ఆడోళ్ళు అదే అంటారు, నీ నోరు చూసే నీ మొగుడు లగెత్తాడే అని. రాత్రి టీవీలో చూశాక నిద్రపట్టింది. పోలేదు. నన్నొదిలి పోలేదు. తీసుకెళ్ళి పడేశారు. ఈ ముసలాయన్ని నేనేమీ అనను. ఏ కానాయో చెబితే చాలు, అక్కడ నాలుగు పూలేసుకుంటాను."

పెద్ద తమ్ముడు అందుకున్నాడు. "మా అక్క అననంది. మేం అనలేదు. మర్యాదగా చెబితే సరి, లేకపోతే గోదాట్లో ముంచి చెప్పిస్తాం."

పెద్దాయన నన్ను లోపలికి పిలిచి చెవిలో అన్నారు, "ఏదో ఒక నంబరు చెప్పేస్తే? పాపం, ఆవిడకి కావలసింది అదే కదా. మూడో కానా అంటే సరిపోతుంది."

"చెప్పండి. చెప్పిన తరువాత ఆ మగపిల్లలు మిమ్మల్ని నాలుగో కానా కింద పెడతారు" అన్నాను.

నేను బయటికి వచ్చి, రేపు సాయంత్రం ఛానల్లో అసలు సంగతి చెప్పిస్తాను, అందాకా ఆయన్ని ముట్టుకోవద్దు, నా మాట మీద వెళ్ళండి, అన్నాను. వెళ్ళారు. ఏ ధైర్యంతో అన్నానో నాకు తెలియదు. నిజం చెబితే పెద్దాయన బతుకుతారు, ఆ పిల్ల మళ్ళీ మొగుడొదిలేసినది అవుతుంది. చెప్పకపోతే ఆ పిల్ల తలెత్తుకుంటుంది, పెద్దాయన ఏట్లో ఉంటారు. దారంతా ఇదే తిప్పుకుంటూ వచ్చి, ఆఫీసు దాటి పక్క వీధిలోకి వెళ్ళిపోయాను.

ఎవరు చెప్పాలి అనేది ఇంకో గొడవ. ఓనరు గారు చెబితే కేసుకి భయపడి కప్పిపుచ్చుతున్నాడంటారు. చివరికి ఆయనే అన్నారు, "నీ గొంతైతే ఊరందరికీ తెలుసు పిన్నీ. నువ్వే చెప్పు." అని, మళ్ళీ నసిగారు. "కానీ... రేపు శుక్రవారం. దీపాలు పెట్టే వేళ. నిన్ను తెర మీద చూపిస్తే ముత్తయిదువలు..." ఆపేశారు. నేను బొట్టు లేనిదాన్ని కదా, అదీ ఆయన బాధ.

"గొంతుకి బొట్టు అక్కర్లేదు కదా బాబూ. గొంతే వేయండి" అన్నాను.

తెర మీద ఒక పక్కన వంతెన బొమ్మ పెట్టారు, మైకు నా చేతికిచ్చారు. నేను చెప్పింది ఇది: "నేనండి, కేబులాఫీసు ఫోనెత్తేదాన్ని. మొన్న మీరు చూసింది ఒక సినిమా కాదు, రెండు. ఒకే విస్తట్లో చారూ పాయసమూ పోసి పెట్టాం, తప్పు మాది. పెద్దాయన చంపింది కాగితం మీద. వంతెనలో పోసింది కాంక్రీటు. వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూడలేదు." అక్కడితో ఆపితే పోయేది. ఆ పిల్ల కళ్ళు గుర్తొచ్చి ఇంకో మాట కలిపాను. "వంతెన పనికెళ్ళి మనిషిని పోగొట్టుకున్న తల్లికి చెబుతున్నాను. నీ మనిషి అందులో లేడమ్మా. లేడు. నా మాట నమ్ము. లేడు."

ఊరు నమ్మింది. ఫోన్లు వచ్చాయి, ఇంతకీ పాయసం ఏదమ్మా, చారు ఏదమ్మా అని ఎగతాళికి. పెద్దాయన్ని రిక్షా అతను ఎక్కించుకున్నాడు. ఓనరు గారు నాకు జీతం కాక ఒక చీర పెట్టారు. అంతా సర్దుకుందనుకున్నాను.

ఆదివారం ఆ పిల్ల ఆఫీసు మెట్ల మీదికి వచ్చింది. తిడుతుందనుకుని గుమ్మంలోనే నిలబడ్డాను.

"మా అత్త రెండ్రోజుల నుంచి అన్నం తినలేదక్కా" అంది. "గుండెలు బాదుకుని ఏడుస్తోంది. కేబుల్లో చెప్పారు, నా కొడుకు లేడని చెప్పారు, ఆ గొంతు అబద్ధమాడదు అంటోంది. నన్ను పట్టుకుని ఏడ్చింది. నా నోటి గురించి ఒక్క మాట అనలేదు."

నాకు అప్పుడు వెలిగింది. అందులో లేడు అన్నాను నేను. వాళ్ళత్త చివరి 'లేడు' ఒక్కటే విన్నది. మనం మనిషి పోయాడని చెప్పడానికి వాడే మాట కూడా అదే కదా. ఇంకొకరైతే ఏమోగానీ, బొట్టు లేని మనిషి మూడుసార్లు లేడు అంటే ఎవరికైనా ఏమని వినపడుతుంది? ఆ తరువాత ఉద్యోగం మానేసేదాకా ఎవరైనా ఫోన్ చేసి ఓనరు గారున్నారా అంటే, లేరు అనలేదు. బయటికెళ్ళారు అనేదాన్ని. ఆయన పక్కనే నిద్రపోతున్నా సరే.

"నేను అన్నది అది కాదే" అన్నాను.

"తెలుసక్కా. నాకు సరిగ్గానే వినపడింది." చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "రేపు పొద్దున రేవుకి రా. గాజులు తీయాలంటే మొగుడు పోయిన ఆడది కావాలి. శవం లేదు, పంతులు ఒప్పుకోలేదు అని మావోళ్ళెవరూ రామన్నారు. నువ్వు రా."

వెళ్ళకూడదు. ఆ మనిషి పోయాడో లేదో తెలియదు, పోయాడని చెప్పినట్టైంది నేనే, ఇప్పుడు గాజులు కూడా నేనే తీస్తే? ఓనరు గారిని అడిగితే, "నాకేం తెలుసు పిన్నీ, నాకు క్యాసెట్లే అతికించడం రాలేదు" అన్నారు. పెద్దాయన్ని అడిగితే, తన పుస్తకాల్లో పోయినవాడు ఎప్పుడూ ఆఖర్లో తిరిగొస్తాడన్నారు. తెల్లారేసరికి నా కాళ్ళే రేవు వైపు నడిచాయి.

ఆ పిల్ల మోకాళ్ళ లోతు నీళ్ళలో కూర్చుని ఉంది. మెట్ల మీద గంప. పెళ్ళినాటి నుంచి ఒళ్ళు వచ్చి గాజులు మణికట్టుకి పట్టేశాయి. సబ్బు రాశాను. కుడిచేతివి ఒక్కొక్కటే లాగి నీళ్ళలో వదిలాను, ఒకటి చిట్లి నా వేలికి గీసుకుంది. ఆమె ఏడవలేదు. వంతెన వంక కూడా చూడలేదు. ఎడమచెయ్యి పట్టుకోబోయాను.

"అక్కా" అంది. "ఒట్టేసి చెప్పు. ఉన్నాడా, లేడా?"

మైకులో అంత గట్టిగా చెప్పినదాన్ని. "నాకు తెలీదే తల్లీ" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

ఆమె ఎడమచెయ్యి వెనక్కి తీసుకుంది. నీళ్ళలో ముంచి సబ్బు కడుక్కుంది.

"బోసిచెయ్యి మా అత్తకి చూపిస్తాను. ఈ ఎడమచేతివి ఉండనీ."

"ఒక చేతికి గాజులేంటే? జనం ఏమంటారు?"

"ఏదో ఒకటంటారు. ఇదివరకు అనలేదా?"

లేచి చీర పిండుకుంది. గంప ఎత్తమంటే నెత్తికెత్తాను. ఎడమచేత్తో గంప పట్టుకుని మెట్లెక్కింది. రోడ్డు మలుపు తిరిగేదాకా ఆ గాజుల చప్పుడు వినపడింది.